కాదనే ముందు కనుక్కోవలసినవి

మూడేళ్ళ క్రితం, హైదరాబాదులో బ్యాంకుల తరఫున చెల్లింపుల సాఫ్ట్‌వేర్ నడిపే ఒక సంస్థలో చేరిన మూడో నెలలో, మా బృందం అప్పటికే తీసుకున్న ఒక నిర్ణయాన్ని నేను అందరి ముందూ తప్పుపట్టాను. నిర్ణయం చూడడానికి చిన్నదే. యూపీఐలో ఎవరైనా డబ్బు పంపినప్పుడు బ్యాంకు నుంచి నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే మా యాప్ అంతకుముందు 'విఫలమైంది' అని చూపించేది. ఇకమీదట 'పెండింగ్' అని చూపించాలని, సంగతి తేలేదాకా ఆ మాటే ఉంచాలని బృందం తీర్మానించింది. మనకు తెలియని విషయాన్ని తీసుకెళ్ళి వాడేవాళ్ళ నెత్తిన రుద్దుతున్నామని, అవుననో కాదనో చెప్పలేని యాప్ ఎందుకని నేను వాదించాను. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ కోప్పడలేదు, ఎవరూ ఒప్పుకోనూ లేదు. మా మేనేజర్ గారు మాత్రం, "మీరు చెప్పినదాంట్లో బాధ ఉంది, అది నాకు అర్థమవుతోంది. కానీ ఆ మార్పు ఎందుకు చేశామో మీకెవరైనా చెప్పారా?" అని అడిగారు. చెప్పలేదన్నాను. అడిగారా అని ఆయన రెట్టించలేదు కానీ, ఆ ప్రశ్న నాకు వినిపించింది.

నా బాధకు కారణం ఉంది. అంతకు పది రోజుల ముందు ఖమ్మంలో మా అమ్మ మందుల షాపులో 860 రూపాయలు స్కాన్ చేసి పంపింది. ఫోనులో 'పెండింగ్' అని వచ్చింది. షాపు అబ్బాయి గల్లా పెట్టె పక్కనున్న సౌండ్ బాక్సు పలకలేదు. అది పలికితే తప్ప మందులు ఇవ్వలేనని అతను, డబ్బులు కట్ అయ్యాయేమోనని అమ్మ, ఇద్దరూ ఎదురుచూశారు. ఇరవై నిమిషాలు నిలబడ్డాక అమ్మ పక్కింటావిడ దగ్గర నగదు తీసుకుని ఇచ్చి బయటపడింది. ఆ సాయంత్రం ఫోనులో ఈ సంగతి చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ కోపాన్ని అలాగే మోసుకుని సమావేశానికి వెళ్ళాను.

ఆ సమావేశం నుంచి బయటికి వస్తుండగా రీకన్ చూసే మేడమ్ నన్ను ఆపారు. బ్యాంకు బ్యాక్ ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి మా సంస్థకు వచ్చిన మనిషి ఆవిడ. మా లెక్కలనూ బ్యాంకుల లెక్కలనూ రోజూ సరిపోల్చే పని ఆవిడది. "రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఓసారి నా పక్కన కూర్చోండి. మాటల్లో చెప్పేకన్నా చూస్తే తొందరగా తెలుస్తుంది" అన్నారు.

మర్నాడు ఆవిడ తెర మీద తెరిచిన షీటులో మూడు నిలువు వరుసలు ఉన్నాయి. మొదటిది మా సర్వరు రాసుకున్నది, రెండోది యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నుంచి వచ్చిన ఫైలు, మూడోది బ్యాంకు పంపిన ఖాతా వివరం. చాలా అడ్డవరుసలలో మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కొన్ని మాత్రం పసుపు రంగులో ఉన్నాయి. ఆవిడ పాత తేదీ ఒకటి వెతికి, ఒక పసుపు వరుస మీద వేలు పెట్టారు. 2,340 రూపాయలు. మా వరుసలో 'టైమ్‌అవుట్, విఫలం' అని ఉంది. ఎన్‌పీసీఐ వరుసలో పూర్తయినట్టు ఉంది. బ్యాంకు వరుసలో అవతలి ఖాతాకు జమ అయినట్టు ఉంది. దానికి సరిగ్గా కిందనే, రెండు నిమిషాల తేడాతో, అదే మనిషి, అదే దుకాణం, అదే 2,340 రూపాయలు మరోసారి. ఈసారి మూడు వరుసలూ పచ్చగా ఉన్నాయి. "మనం విఫలమైందన్నాం. ఆయన నమ్మి మళ్ళీ కట్టాడు. రెండూ వెళ్ళిపోయాయి. దుకాణదారుకు రెండోసారి పడిన డబ్బు ఎవరిదో తెలియదు. ఇది తేలడానికి పదకొండు రోజులు పట్టింది, ఆయన మనకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు" అని చెప్పి, ఆవిడ ఇంకో తేదీ తెరిచారు. అక్కడా అలాంటివే ఉన్నాయి.

యూపీఐ చెల్లింపు మన కంటికి ఒక్క క్షణంలో జరిగిపోయే పనిగా కనిపిస్తుంది కానీ, అందులో చాలా చేతులు ఉన్నాయి. మన యాప్ నుంచి దాని వెనకున్న బ్యాంకుకు, అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి, ఎన్‌పీసీఐ నుంచి మన ఖాతా ఉన్న బ్యాంకుకు కబురు వెళుతుంది. అక్కడ డబ్బు తగ్గాక మళ్ళీ ఎన్‌పీసీఐ ద్వారా అవతలి బ్యాంకుకు కబురు వెళ్ళి అక్కడ జమ అవుతుంది. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పే జవాబు వెనక్కు రావాలి. ఇందులో ఏ అంచెలోనైనా జవాబు దారి తప్పవచ్చు. అప్పుడు మా సర్వరుకు తెలిసేది ఒక్కటే, జవాబు రాలేదని. డబ్బు వెళ్ళిందో లేదో దానికి తెలియదు. నేను ఆ రెండింటినీ ఒకటిగా చూశాను. ఊళ్ళో ఉన్న అమ్మకు కొడుకు మనియార్డరు పంపిన రోజుల్లో, తీసుకున్నవాళ్ళు సంతకం చేసిన కాగితం పోస్టులో తిరిగి వచ్చేది. ఆ కాగితం రాలేదని డబ్బు చేరలేదని ఎవరూ తేల్చేసేవారు కాదు, ఇంకో మనియార్డరు వెంటనే కట్టేసేవారూ కాదు. ఉత్తరం రాసి కనుక్కునేవారు. మా పాత యాప్ చేసినదల్లా కాగితం రాకముందే డబ్బు చేరలేదని ఇంటికి కబురు చేయడం.

దీని వెనక నియమాలు కూడా ఉన్నాయని ఆ పొద్దున్నే తెలుసుకున్నాను. ఖాతాలో డబ్బు తగ్గి అవతలివాళ్ళకు చేరని సందర్భాలలో ఎవరు ఎన్ని రోజుల్లో సరిచేయాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్‌లో చెప్పింది. మనిషికి మనిషి పంపే యూపీఐ చెల్లింపు అయితే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే వెనక్కు రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం, ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలి. 'పెండింగ్' అని ఎంతసేపు చూపించాలి, ఎన్ని నిమిషాలకొకసారి మళ్ళీ ఆరా తీయాలి అన్నవి మా బృందం ఈ గడువులను ముందు పెట్టుకుని కూడబలుక్కున్న సంగతులు. నేను సమావేశంలో మాట్లాడినప్పుడు నాకు వీటిలో ఒక్కటీ తెలియదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఆ 860 రూపాయలు చివరికి ఏమయ్యాయని అడిగాను. "రెండు గంటల తర్వాత ఆ అబ్బాయికి పడ్డాయటమ్మా. పెండింగ్ అని ఉంది కదాని నా పేరు నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. మర్నాడు మీ నాన్న వెళితే నగదు తిరిగి ఇచ్చేశాడు" అంది. విఫలమైందని ఉంటే అతను అమ్మ పేరు రాసుకునేవాడు కాదు. రాసుకోవడానికి కారణమే ఉండేది కాదు. అంటే నేను ఏ ఉదాహరణను పట్టుకుని ఆ నిర్ణయం మీద విరుచుకుపడ్డానో, ఆ ఉదాహరణే ఆ నిర్ణయానికి మద్దతు. అమ్మ చెప్పిన కథలో నాకు కోపం తెప్పించిన సగం విని, రెండో సగం అడగకుండానే ఫోన్ పెట్టేశాను. బృందాన్ని అడగకపోవడం సరే, కొత్తగా చేరినవాళ్ళకు ఆ బెరుకు ఉంటుంది. సొంత తల్లిని అడగకపోవడానికి నాకు ఏ సాకూ లేదు.

ఆ తర్వాత దీని గురించి చాలా ఆలోచించాను. బృందంలోకి ఆలస్యంగా వచ్చినవాళ్ళకు నిర్ణయాలు ఎండిన కట్టెల్లా కనిపిస్తాయి. అవి పచ్చిగా ఉన్నప్పుడు వాటి చుట్టూ జరిగిన వాదనలు, పక్కనపెట్టిన మార్గాలు, ఎవరో ఒకరు చెప్పిన చేదు అనుభవం, ఇవన్నీ మనం వచ్చేసరికి రాలిపోయి ఉంటాయి. మిగిలింది చూసి, ఇంత తెలివితక్కువగా ఎలా ఆలోచించారని అనుకోవడం చాలా తేలిక. అలా అనిపించిన క్షణంలోనే మనకు అనుమానం రావాలని ఇప్పుడు నా నమ్మకం. మనతో రోజూ కూర్చుని భోంచేసే ఏడుగురు సమర్థులు కలిసి, ఒక్కరూ గమనించకుండా, కొత్తవాళ్ళకు మొదటి చూపులోనే కనిపించే తప్పు చేశారనడం కన్నా, మనకు కనిపించనిది ఏదో వాళ్ళు చూశారనడానికే ఎక్కువ ఆస్కారం ఉంది. ఎప్పుడూ అలాగే అవుతుందని చెప్పను. తప్పు నిజంగానే జరిగి ఉండవచ్చు. కానీ అది తేల్చుకోవడానికి ఒక పూట పెట్టకుండా నోరు తెరవడం నేను చేసిన పొరపాటు.

అదే నెలలో నేను మనసులో పెట్టుకున్న రెండో ఫిర్యాదు కూడా ఇలాగే కరిగిపోయింది. క్షణాల్లో డబ్బు వెళ్ళే కాలంలో రాత్రిపూట వచ్చే ఈ ఫైళ్ళు, ఈ విడతల లెక్కలు ఎందుకని నాకు చిరాకుగా ఉండేది. అసలు సంగతి ఏమిటంటే, యూపీఐలో మన ఖాతాకు డబ్బు వెంటనే పడినా, బ్యాంకుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం విడతలుగానే జరుగుతుంది. బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపే మరో పద్ధతి నెఫ్ట్ కూడా 2019 డిసెంబరు 16 నుంచి ఇరవైనాలుగు గంటలూ నడుస్తున్నా, నడిచేది అరగంటకొకటి చొప్పున 48 విడతల్లో. ఒక బ్యాంకు ఖాతాదారులు మరో బ్యాంకు ఖాతాదారులకు పది కోట్లు పంపి, అటునుంచి తొమ్మిది కోట్లు వస్తే, విడత చివర ఆ రెండు బ్యాంకుల మధ్య కదలాల్సింది ఒక్క కోటి మాత్రమే. ప్రతి చెల్లింపుకూ విడివిడిగా డబ్బు కదిలించాలంటే బ్యాంకులు ఎంతో సొమ్ము సిద్ధంగా పెట్టుకోవాలి. పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్ పద్ధతిలో అలా విడివిడిగానే కదులుతుంది, అందుకే అది రెండు లక్షలూ అంతకు మించిన చెల్లింపులకు. నాకు పాతకాలపు అలవాటుగా కనిపించింది నిజానికి డబ్బును పొదుపుగా తిప్పే పద్ధతి.

అయితే అర్థం చేసుకోవడం ఎప్పుడూ నిర్ణయాన్ని కాపాడే వైపే వెళుతుందని అనుకోకూడదు. మా రాత్రి పని ఒకటి, ఫైళ్ళన్నీ వచ్చాక కూడా నలభై నిమిషాలు ఊరికే ఆగి అప్పుడు మొదలయ్యేది. ఈసారి నేను ఎవరినీ తప్పుపట్టలేదు. నలభై ఎందుకని అడుగుతూ వెళ్ళాను. మేనేజర్ గారికి తెలియదు. సర్వర్లు చూసే అన్నకు తెలియదు, తాను వచ్చేటప్పటికే అలా ఉందన్నారు. చివరికి రీకన్ మేడమ్ పాత ఉత్తరాలు వెతికి చెప్పారు. ఒకప్పుడు ఒక బ్యాంకు తన ఫైలును పంపి, కాసేపటికి సవరించిన ఫైలు మరొకటి పంపేది. దాని కోసం ఆగడం అలవాటైంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న జరిగిన ప్రభుత్వ బ్యాంకుల విలీనాల్లో మరో బ్యాంకులో కలిసిపోయింది. రెండో ఫైలు రావడం అప్పుడే ఆగిపోయింది. కారణం పోయింది, నిరీక్షణ మిగిలింది. ఆ సంగతి ఒక పేజీ రాసి సమావేశంలో పెడితే, ఐదు నిమిషాల్లో అందరూ ఒప్పుకుని ఆ నలభై నిమిషాలు తీసేశారు. మొదటి సమావేశంలో గంటసేపు వాదించినా ఒక్క అక్షరం మారలేదు. నా గొంతు అప్పుడే పెద్దగా ఉంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. 'ముందు మొత్తం అర్థం చేసుకుని రా' అన్న మాట చాలా ఆఫీసుల్లో చిన్నవాళ్ళ నోరు మూయించడానికి వాడతారు. మొత్తం ఎంతో ఎవరూ చెప్పరు. ఒకటి తెలుసుకుని వెళితే ఇంకోటి తెలియదంటారు. పైగా ఆ తెలియని కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి. ఈ బాధ నేనూ వేరేచోట పడ్డాను, కాబట్టి దీన్ని తేలిగ్గా దాటిపోలేను.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో జరిగిన ఒక ఫోను సమావేశం. మర్నాడు ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరాలి. దాని రాకెట్ బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థయకాల్ సంస్థ ఇంజనీర్లు, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చలిగా ఉంటే ప్రయోగించవద్దని చెప్పారు. బూస్టరు అతుకుల్లోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేవని వాళ్ళ భయం. నాసా అధికారులు ఆ వాదనను గట్టిగా ప్రశ్నించారు. సంస్థ యాజమాన్యం ఫోను పక్కనపెట్టి విడిగా మాట్లాడుకుని, ఇంజనీర్ల మాటను పక్కకు నెట్టి, ప్రయోగించవచ్చని చెప్పింది. మర్నాడు బయలుదేరేటప్పుడు వేడిమి 36 డిగ్రీల ఫారన్‌హీట్ మాత్రమే. 73 సెకన్లలో నౌక ముక్కలైంది, ఏడుగురూ చనిపోయారు.

అక్కడ కాదన్నవాళ్ళు అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు. ప్రమాదం ఉందని వాళ్ళే రుజువు చేయాలని అడగడం ఘోరమైన తలకిందుల పద్ధతి. సురక్షితమని రుజువు చేయాల్సింది పంపేవాళ్ళు. ఆ ప్రమాదాన్ని విచారించిన రోజర్స్ సంఘం తర్వాత తన నివేదికలో గమనించిన ఒక సంగతి మాత్రం ఆలోచించదగ్గది. ఆ రాత్రి చర్చలో వలయాలు దెబ్బతిన్న ప్రయాణాల వేడిమి మాత్రమే చూశారు, ఏమీ కాని ప్రయాణాలతో పోల్చి చూడలేదు. దెబ్బతిన్నవాటిని మాత్రమే చూస్తే చలికీ నష్టానికీ సంబంధం స్పష్టంగా కనిపించదు. అంతకుముందు జరిగిన ప్రయాణాలన్నీ ఒకే కాగితం మీద పెడితే, 66 డిగ్రీలు అంతకన్నా ఎక్కువ వేడిమిలో జరిగిన 20 ప్రయాణాల్లో మూడింటిలోనే నష్టం ఉంది. అంతకన్నా చలిలో జరిగిన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి. పూర్తి చిత్రం ఆ ఇంజనీర్ల నోరు మూయించేది కాదు. వాళ్ళ మాటకు ఎవరూ కాదనలేని బలం ఇచ్చేది. ఆ లెక్కంతా నాసాకూ సంస్థకూ అందుబాటులోనే ఉంది. కాబట్టి దాన్ని ముందు పెట్టే బాధ్యత ఒక్క రాత్రిలో భయాన్ని వివరించాల్సి వచ్చిన ఇంజనీర్ల మీదకన్నా, తుది మాట చెప్పేవాళ్ళ మీదే ఎక్కువ ఉంది.

ఆ నివేదికలో నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చిన పెద్దలకు, 53 డిగ్రీల కింద వద్దని ఇంజనీర్లు మొదట రాసి ఇచ్చారన్న సంగతే తెలియదు. వాళ్ళు తెలియకుండా సరే అన్నారు. మన సమావేశాల్లో కాదన్నవాళ్ళను మాత్రమే 'నీకు మొత్తం తెలుసా' అని నిలదీస్తాం. సరే అని తల ఊపిన ఏడుగురిని ఎవరూ అడగరు. ఎందుకు ఒప్పుకున్నావో చెప్పమంటే ఆ ఏడుగురిలో ఎంతమంది చెప్పగలరు? మా 'పెండింగ్' నిర్ణయానికి ఒప్పుకున్నవాళ్ళలో కూడా ఇద్దరికి రిజర్వు బ్యాంకు గడువుల సంగతి తెలియదని ఆ తర్వాత వాళ్ళే నాతో చెప్పారు. వాళ్ళ అదృష్టం కొద్దీ నిర్ణయం సరైనది. నేను తెలియకుండా కాదన్నాను, వాళ్ళు తెలియకుండా అవునన్నారు. తలవంపు నాకే ఎందుకు? అర్థం చేసుకోవాలన్న నియమం ఉంటే అది గదిలో అందరికీ ఉండాలి, మౌనంగా ఉన్నవాళ్ళకు మొదట ఉండాలి.

ఎంతవరకు అర్థం చేసుకోవాలన్నదానికి కొలబద్ద నా దగ్గర లేదు కానీ, ఆ నిర్ణయం వల్ల జరిగేదాన్ని వెనక్కు తిప్పగలమా లేదా అన్నది నేను మొదట చూసుకుంటాను. తెర మీద మాటను రేపు మార్చవచ్చు, రెండుసార్లు కట్టిన డబ్బును పదకొండు రోజులకైనా తిరిగి ఇవ్వవచ్చు. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు కనుక్కోవడానికి పెట్టడంలో నష్టం లేదు. మనిషి ప్రాణం, ఒకరి ఉద్యోగం, మళ్ళీ రాబట్టలేని సమాచారం లాంటివి పణంగా ఉంటే, సగం తెలిసినా అప్పుడే చెప్పాలి. నాకు తెలిసింది ఇంత, తెలియనిది ఇది, ఇది తేలేదాకా ఆగండని చెప్పాలి. అలా చెప్పినవాళ్ళను అడ్డుపడుతున్నారనడం అన్యాయం.

బృందం చేయాల్సిన పని కూడా ఒకటి ఉంది. మా దగ్గర ఇప్పుడు ప్రతి నిర్ణయానికీ నాలుగైదు వాక్యాలు తేదీతో సహా రాసి పెడుతున్నాం. ఏమి తీర్మానించాం, ఏ దారి వద్దనుకున్నాం, ఎందుకు, ఏది మారితే దీన్ని మళ్ళీ తెరవాలి అన్నవి అందులో ఉంటాయి. ఆఖరిదాన్ని పట్టుబట్టి పెట్టించింది నేను. ఫలానా బ్యాంకు రెండో ఫైలు ఆపేస్తే ఈ నిరీక్షణ తీసేయాలని ఎవరైనా ఆనాడు ఒక్క వాక్యం రాసి ఉంటే, అది అన్నేళ్ళు అలా సాగేది కాదు.

'పెండింగ్' విషయంలో నా అసమ్మతి పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. అది ఇప్పుడు వేరే చోటికి చేరింది. ఆ మాట నిజమే కానీ ఆ ఒక్క మాట చాలదు. ఖమ్మంలో మా అమ్మకు అప్పుడు కావలసింది మళ్ళీ కట్టాలా వద్దా, ఎప్పటికి తేలుతుంది, తేలకపోతే డబ్బు ఎక్కడికి వస్తుంది అన్న మూడు సంగతులు. మళ్ళీ కట్టవద్దన్న వాక్యాన్ని, గడువు తేదీని చేర్చడానికి బృందం ఒప్పుకుంది, చేర్చింది. చెల్లింపుకు ఉండే పన్నెండు అంకెల రిఫరెన్సు నంబరును పెద్ద అక్షరాల్లో ముందే చూపించాలన్న నా మాటను మాత్రం రెండుసార్లు తోసిపుచ్చారు. అంకెలు చూసి జనం కంగారుపడతారని, చోటు చాలదని వాళ్ళ వాదన. వాళ్ళ కారణాలు ఇప్పుడు నాకు బాగా తెలుసు, అయినా వాళ్ళు చెప్పేది తప్పనే అనుకుంటున్నాను. గత నెలంతా సాయంత్రాలు రీకన్ మేడమ్ పక్కన కూర్చుని, ఆ నంబరు చేతిలో ఉన్నవాళ్ళ ఫిర్యాదు ఎన్ని రోజుల్లో తేలిందో, లేనివాళ్ళది ఎన్ని రోజులు పట్టిందో ఒక్కొక్కటిగా రాసుకున్నాను. త్వరగా తేలినవీ ఆలస్యమైనవీ రెండూ రాశాను, నా వాదనకు పనికిరానివి కూడా వదల్లేదు. వచ్చే గురువారం సమావేశంలో ఆ కాగితం అందరి ముందూ పెడుతున్నాను.